మొదటి స్మోకర్ ఏది కొనాలి? నిప్పు దగ్గర ఎంతసేపు కూర్చోగలరో ముందు చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇంట్లో నలుగురు, నెలకో రెండు నెలలకో ఒకసారి పదిమంది దాకా జమవుతారు. పెరట్లో చిన్న సిమెంటు గచ్చు ఉంది. బొగ్గులు రాజేసిన అనుభవం లేదు. ఖాళీ దొరికేది ఆదివారం ఒక్కటే. మాంసాన్ని పొగతో నెమ్మదిగా వండే స్మోకర్ ఒకటి కొనాలి. ఆఫ్‌సెట్ (పక్కన నిప్పు పెట్టె ఉండేది), పెల్లెట్ (చెక్క గుళికలతో నడిచేది), కరెంటు స్మోకర్, ఈ మూడింట్లో ఏది తీసుకోవాలో తేలడం లేదు. పొగ పక్కింటివాళ్లకు ఇబ్బంది అవుతుందేమోనని కూడా టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీరు అనుకున్న మూడూ వదిలేసి బొగ్గుతో నడిచే, లోపల నీళ్ల పళ్లెం ఉండే నిలువు వాటర్ స్మోకర్ తీసుకోండి. మూతతో ఉండే గుండ్రటి కెటిల్ గ్రిల్ మీ దగ్గర ఇప్పటికే ఉంటే ఒక సీజన్ పాటు అసలేమీ కొనొద్దు, దాంతోనే నేర్చుకోండి. నిప్పుతో ఆడుకునే సరదా బొత్తిగా లేదు, పొగ రుచి మాత్రం కావాలి అంటే పెల్లెట్ తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. పల్చటి రేకుతో చేసిన ఆఫ్‌సెట్ జోలికి మాత్రం పోవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి నా మొదటి స్మోకరే కారణం. అదీ ఆఫ్‌సెట్టే. పడుకోబెట్టిన పీపా, పక్కన నిప్పు పెట్టె, అటు చివర పొగగొట్టం. చూడ్డానికి బుల్లి రైలింజనులా ఉండేది, ఆ రూపానికే పడిపోయాను. రేకు మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. మూత వేస్తే అంచు వెంబడి చిటికెనవేలు దూరేంత సందు. ఒక చలికాలం ఉదయం రెండు కోళ్లు లోపల పెట్టి, మూత మీది ముల్లు 120 చూపిస్తోంది కదా అని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తెల్లటి పొగ మబ్బులు మబ్బులుగా లేస్తుంటే మురిసిపోయాను కూడా. ఐదు గంటల తర్వాత తీస్తే నిప్పు పెట్టె వైపున్న కోడి తొడ మాడి బొగ్గయింది, అటు చివరి కోడి ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది. రెండింటికీ తారు పూసినట్టు నల్లటి జిగురు. మా తమ్ముడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపాగి, "నాలుక తిమ్మిరెక్కింది అన్నయ్యా" అన్నాడు. ఆ రాత్రి అందరం కోడిగుడ్లు వేయించుకుని తిన్నాం.

తర్వాతి వారం లోపల రెండు చివరలా వేరే థర్మామీటర్లు పెట్టి చూస్తే సంగతి తెలిసింది. నిప్పు వైపు 165, అటు చివర 95. (ఇక్కడ నేను చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్.) మూత మీది ముల్లు మాత్రం తన లోకంలో తానుంది.

అసలు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. మనం మాట్లాడుకునేది వేడి పొగతో వండే పద్ధతి. 107 నుంచి 121 డిగ్రీల మధ్య గంటల తరబడి నిలకడగా వేడి తగలాలి. గట్టి మాంసాన్ని పట్టి ఉంచే కొలాజెన్ ఆ నెమ్మది వేడికే కరిగి జెలటిన్ అవుతుంది, ముక్క మెత్తబడి జ్యూసీగా ఉంటుంది. మంట పెంచి తొందరపెడితే కొలాజెన్ కరగకముందే పైభాగం ఎండిపోతుంది. ఇక రుచి సంగతి. చెక్కలో ఉండే లిగ్నిన్ వేడికి విడిపోయినప్పుడు గయకాల్, సిరింగాల్ లాంటి పదార్థాలు పుడతాయి. మనం పొగ రుచి, పొగ వాసన అనేది చాలావరకు వీటినే. గాలి బాగా తగిలి చెక్క శుభ్రంగా మండితే పొగ పల్చగా, లేత నీలంగా, చూపుకు ఆనీ ఆననట్టు ఉంటుంది. గాలి ఆడక చెక్క కుములుతూ ఉంటే దట్టమైన తెల్లపొగ వస్తుంది, దాంతోపాటు క్రియోజోట్ అనే చేదు జిగురు వచ్చి మాంసానికి పట్టుకుంటుంది. మా తమ్ముడి నాలుక తిమ్మిరి దాని చలవే. కొత్తవాళ్ల వంట చాలాసార్లు చెడేది పొగ తక్కువై కాదు, ఎక్కువై.

కాబట్టి స్మోకర్ ఏదైనా చేయాల్సిన పని ఒకటే: చిన్న నిప్పు, శుభ్రంగా, నిలకడగా, ఎక్కువసేపు. ఆ నిప్పును ఎవరు చూసుకుంటారన్న దగ్గరే రకాలన్నీ విడిపోతాయి. కొన్నింట్లో మీరే చూసుకోవాలి, కొన్నింట్లో మోటారు చూసుకుంటుంది, కొన్నింట్లో నీళ్లూ గాలి కన్నాలూ కలిసి సగం పని చేసిపెడతాయి. రంగు, చక్రాలు, పక్కన మడత బల్ల, ఇవన్నీ ఆ తర్వాతి మాటలు.

ఆఫ్‌సెట్‌లో పనంతా మీదే. మంచి ఆఫ్‌సెట్‌లో ఇంధనం చెక్కే, బొగ్గు మొదట రాజేయడానికి మాత్రమే. అరగంట నుంచి ముప్పావుగంటకు ఒకసారి చీల్చిన కట్టె ముక్క ఒకటి వేస్తుండాలి. పన్నెండు గంటల వంటంటే ఇరవైసార్లు లేవడమన్నమాట. ఆరు మిల్లీమీటర్ల ఉక్కుతో చేసినదైతే వేడి పట్టి ఉంచుతుంది, గాలి విసిరినా చలించదు. కానీ దాన్ని కదపడానికి నలుగురు మనుషులు కావాలి, ధర కూడా ఆ బరువుకు తగ్గట్టే ఉంటుంది. తక్కువ ధరకు వచ్చే పల్చటి ఆఫ్‌సెట్‌కు ఈ గుణాల్లో ఒక్కటీ ఉండదు, చాకిరీ మాత్రం రెట్టింపు. మూతకు సీలు అతికించి, లోపల వేడిని పంచే రేకు పెట్టి, పొగగొట్టాన్ని జాలీ మట్టం దాకా కిందికి పొడిగించి బాగుచేసుకునేవాళ్లు ఉన్నారు. నేనూ చేశాను. ఆ ఖర్చు, ఆ శ్రమ లెక్కేస్తే మంచి వాటర్ స్మోకర్ వచ్చేది. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి: బరువైన ఆఫ్‌సెట్‌లో చెక్క నిప్పు మీద వండిన బ్రిస్కెట్ (గొడ్డు రొమ్ము మాంసం) రుచి మరే స్మోకర్‌కూ రాదు. మూడు నాలుగేళ్ల తర్వాత కూడా ఈ పిచ్చి తగ్గకపోతే అప్పుడు కొనండి.

కరెంటు స్మోకర్ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. చిన్న ఫ్రిజ్ లాంటి పెట్టె, అడుగున హీటర్ కాయిల్, దాని పక్కన చెక్క పేళ్లు వేసే ట్రే. డిగ్రీలు నొక్కి వదిలేయొచ్చు. చేపలు, చీజ్, గింజలు, సాసేజ్‌లు చేసేవాళ్లకు బాగా పనికొస్తుంది. నా అభ్యంతరాలు రెండు. ఒకటి, చాలా మోడళ్లు 135 డిగ్రీలు దాటవు, అందుకని కోడి చర్మం రబ్బరులా సాగుతుంది. రెండు, లోపల మంట లేదు కాబట్టి మాంసం అంచున గులాబీ రంగు వలయం ఏర్పడదు. మంటలో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ మాంసంలోని మయోగ్లోబిన్‌తో కలిస్తే వచ్చే రంగు అది. రుచికీ దానికీ సంబంధం లేదనుకోండి, కానీ ముక్క కోసినప్పుడు ఆ వలయం కనపడకపోతే కొందరికి మనసొప్పదు. వానలో వాడకూడదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుకు తగిలించకూడదు, వైరు వేడెక్కుతుంది. గ్యాస్ స్మోకర్ కూడా దాదాపు ఇలాంటి పెట్టే, కాయిల్ బదులు బర్నర్. వేడి ఇంకాస్త పైకి వెళ్తుంది, కరెంటు అక్కర్లేదు, అంతే తేడా.

పెల్లెట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ మనసు దాని మీదే ఉన్నట్టుంది. రంపపు పొట్టును ఒత్తి చేసిన సన్నటి గుళికలు ఒక తొట్టిలో ఉంటాయి. మరమేకులా తిరిగే కడ్డీ వాటిని కొద్దికొద్దిగా నిప్పు గిన్నెలోకి తోస్తుంది, ఫ్యాను గాలి కొడుతుంది, కంట్రోలర్ వేడి చూసి రెండింటినీ నడిపిస్తుంది. అమెరికాలోని ఓరెగాన్‌కు చెందిన జో ట్రేగర్ 1986లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. ఆ గడువు 2006లో ముగిశాకే మిగతా కంపెనీలు గుంపుగా రంగంలోకి దిగాయి, ఇప్పుడు మీరు చూస్తున్న అన్ని మోడళ్లకు అదే మూలం. రాత్రి పదకొండుకు ముక్క పెట్టి పడుకుని పొద్దున్నే లేచి చూసుకునే సౌకర్యం ఇందులోనే ఉంది. గుళికలు శుభ్రంగా మండుతాయి కాబట్టి పొగ రుచి తేలిగ్గా ఉంటుంది. కొందరికి అదే నచ్చుతుంది, కొందరు ఓవెన్‌లో వండినట్టుందని పెదవి విరుస్తారు. మీ ఇంట్లోవాళ్లు ఏ రకమో మీకే తెలియాలి.

అమ్మేవాళ్లు చెప్పనివి కొన్ని ఉన్నాయి. గుళికలకు తడి తగిలితే ఉబ్బి పొట్టయిపోతాయి, ఆ పొట్టు కడ్డీలో బిగుసుకుంటే మొత్తం విప్పి గోకాల్సిందే. వాన రాత్రి తొట్టిలో గుళికలు వదిలేస్తే అదే గతి. నిప్పు గిన్నెలో బూడిద ప్రతి రెండు మూడు వంటలకు తీయకపోతే మళ్లీ వెలగదు, లేదా గుళికలు పేరుకుపోయి ఒక్కసారిగా భగ్గుమంటాయి. కింద కొవ్వు పట్టే రేకు శుభ్రం చేయకుండా వేడి పెంచితే కొవ్వు అంటుకుంటుంది. కరెంటు పోతే వంట ఆగుతుంది. పాడయ్యే సామాను కూడా ఇందులోనే ఎక్కువ: మోటారు, ఫ్యాను, వెలిగించే కడ్డీ, బోర్డు. కొనేముందు విడి భాగాలు దొరుకుతాయో లేదో కనుక్కోండి. బొగ్గు స్మోకర్‌లో చెడిపోవడానికి ఏముంటుంది, తుప్పు తప్ప!

పింగాణీ కమాడో, అంటే గుడ్డు ఆకారపు బొగ్గు పొయ్యి, దాని గురించి రెండు మాటలు. గోడలు మందంగా ఉండటం వల్ల గుప్పెడు బొగ్గుతో గంటల కొద్దీ నడుస్తుంది, గాలికీ చలికీ లెక్కచేయదు, పిజ్జా కూడా కాల్చుకోవచ్చు. పెద్దవి 70 కిలోలు దాటతాయి, జారి పడితే పగులుతాయి. కొత్తవాళ్లు ఇబ్బంది పడేది మాత్రం మరోచోట. వేడి 120 దాటి 160కి వెళ్లిందా, ఇక ఎన్ని కన్నాలు మూసినా గంట దాకా దిగదు, గోడలే వేడి పట్టుకుని కూర్చుంటాయి. దానికి తోడు కన్నాలు మూసి ఉంచి మూత దబాల్న తెరిస్తే గాలి దూసుకెళ్లి మంట ముఖం మీదికి ఎగుస్తుంది. ముందు రెండంగుళాలు ఎత్తి ఆగాలి, తర్వాతే పూర్తిగా తీయాలి. ఇక ఇనుప డ్రమ్ముతో చేసిన స్మోకర్లు చవక, గట్టివి, వాటికి వీరాభిమానులూ ఉన్నారు. మీకు వాటర్ స్మోకర్ దొరకకపోతే రెండో ఎంపికగా డ్రమ్ము పెట్టుకోండి.

కెటిల్ ఉన్నవాళ్లను ఏమీ కొనొద్దన్నాను కదా, దాని సంగతీ చెప్పేస్తాను. ఇది అమెరికాకు చెందిన జార్జ్ స్టీఫెన్ 1952లో, సముద్రంలో తేలే బోయాలు తయారుచేసే చోట ఆ గుండ్రటి లోహపు గిన్నెలనే కోయించి చేసిన గ్రిల్. అంచు వెంబడి బ్రికెట్ బొగ్గులు (బొగ్గు పొడిని ఒత్తి చేసిన బిళ్లలు) రెండేసి పక్కపక్కన, వాటి పైన మరో రెండేసి, సగం వలయం దాకా పామును చుట్టినట్టు పేర్చాలి. ఒక కొసకు మాత్రం పది నిప్పు కణికలు ఆనించాలి. అక్కడ మొదలై నెమ్మదిగా ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటూ పోతుంది. మాంసం నిప్పు లేని వైపు ఉంచాలి. ఐదారు గంటల వంటకు ఇది చాలు. పెద్ద ముక్కలకు, పదిమందికి మాత్రం చోటు సరిపోదు.

ఇక నేను చెప్పిన వాటర్ స్మోకర్. నిలబెట్టిన తూటాలాగా ఉంటుంది కాబట్టి బుల్లెట్ అని కూడా అంటారు. మూడు అంచెలు: అడుగున బొగ్గుల వలయం, మధ్యలో నీళ్ల పళ్లెం, దాని పైన ఒకటి కింద ఒకటిగా రెండు జాలీలు, పైన మూత. కిటుకంతా నీళ్లలో ఉంది. నీళ్లు 100 డిగ్రీలు దాటవు, ఆవిరవుతూ అదనపు వేడిని మింగేస్తుంటాయి. మీరు కన్నం కొంచెం ఎక్కువ తెరిచినా లోపల వేడి ఒక్కసారిగా ఎగబాకదు. అంటే మీ తప్పులను కొంతవరకు నీళ్లే సర్దేస్తాయి. బొగ్గు నేరుగా మాంసానికి తగలదు, కారే కొవ్వు నిప్పులో పడదు. మొదటిసారి చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

నడపడం ఇలా. బొగ్గుల వలయాన్ని రాజేయని బ్రికెట్లతో నింపండి, మధ్యలో చిన్న గుంట చేయండి, పిడికిలంత ఎండు చెక్క ముక్కలు మూడు అక్కడక్కడా దూర్చండి. చిమ్నీ స్టార్టర్ అనే గొట్టపు డబ్బాలో పదిహేను ఇరవై బ్రికెట్లు వేసి, అడుగున కాగితం ఉండచుట్టి వెలిగించండి. పదిహేను ఇరవై నిమిషాలకు పైవరస బూడిదరంగు పూత పట్టగానే వాటిని గుంటలో పోయండి. నిప్పు మధ్య నుంచి చుట్టుపక్కలకు గంటల తరబడి పాకుతూ పోతుంది. జిమ్ మినియన్ ప్రచారంలోకి తెచ్చాడు కాబట్టి దీన్ని మినియన్ పద్ధతి అంటారు. కిరోసిన్ లాంటి ద్రవాలు పోసి వెలిగించొద్దు. మినియన్ పద్ధతిలో కొత్త బొగ్గు ఆగకుండా అంటుకుంటూ ఉంటుంది కాబట్టి ఆ వాసన చివరిదాకా వదలదు.

పై కన్నం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచండి. పొగ నిలవుంటే చేదెక్కేది అక్కడే. వేడిని అదుపు చేయాల్సింది కింది కన్నాలతో. మొదట మూడూ తెరిచి ఉంచి, లోపల 95 డిగ్రీలు రాగానే సగం మూయడం మొదలుపెట్టండి. 115 వచ్చాక మూద్దామనుకుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అది 140 దాకా పోయి కూర్చుంటుంది. కన్నం ఒకసారి కదిపితే పదిహేను నిమిషాలు ఆగి చూడండి. ప్రతి రెండు నిమిషాలకూ తిప్పుతుంటే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో మీకే అర్థం కాదు. కొత్త స్మోకర్ మొదటి నాలుగైదు వంటలకు కాస్త ఎక్కువ వేడిగానే నడుస్తుంది. తలుపు అంచుల నుంచి గాలి దూరుతుంది కాబట్టి అలా. పోనుపోను మసీ కొవ్వూ కలిసి ఆ సందులు పూడ్చేస్తాయి. అందుకే లోపలి నల్లటి పూతను తళతళలాడేలా తోమేయకండి. పెచ్చులు కట్టి ఊడిపోతున్నది మాత్రం గోకితే చాలు.

సైజు విషయంలో జనం రెండు రకాలుగా పొరపాటు పడతారు, ఎక్కువమంది అవసరానికి మించింది కొంటారు. లెక్క చూద్దాం. మనిషికి వండిన మాంసం 200 గ్రాములు అనుకుంటే పదిమందికి రెండు కిలోలు. భుజం ముక్క లాంటిది పొగలో నీరూ కొవ్వూ కోల్పోయి, ఎముక కూడా పోగా, దగ్గరదగ్గర సగం తగ్గుతుంది. అంటే పచ్చిది నాలుగు కిలోలు. 47 సెంటీమీటర్ల వాటర్ స్మోకర్‌లో రెండు జాలీల మీద అది హాయిగా పడుతుంది. 57 సెంటీమీటర్లది పెద్ద ముక్కలకు, పొడవాటి పక్కటెముకలకు బాగుంటుంది, కానీ నలుగురి కోసం చేసిన రోజు కూడా బొగ్గు అంతే మింగుతుంది. మీకు 47 చాలు. ఇంకా చిన్న సైజు వస్తుంది, అది తీసుకోకండి, బ్రిస్కెట్ మడిచి కుక్కాల్సి వస్తుంది.

కొట్లో నిలబడి చూడాల్సినవి: మూత పెట్టి గుండ్రంగా తిప్పండి, ఎక్కడా వంకర లేకుండా కూర్చోవాలి. తలుపు గొళ్లెం బిగువుగా పడాలి. కన్నాల మీది రేకులు వేలితో కదిపితే సాఫీగా జరిగి, పెట్టినచోటే నిలవాలి. జాలీని పైకెత్తి బరువు చూడండి, సన్నటి తీగలదైతే రెండేళ్లలో వంగిపోతుంది. నీళ్ల పళ్లెం లోతుగా ఉంటే మూడు నాలుగు గంటలకోసారి పోస్తే సరిపోతుంది, తళతళా మెరిసే లోతులేని పళ్లెమైతే గంట గంటకూ తలుపు తీయాల్సిందే. బూడిద ఎలా తీస్తారో అడగండి, మొత్తం బోర్లించాల్సి వచ్చే డిజైన్లు కొన్ని ఉన్నాయి.

స్మోకర్ మీద కొంత మిగుల్చుకుని ఆ డబ్బు థర్మామీటర్ మీద పెట్టండి. ఇది సలహా కింద కాదు, షరతు కింద చెబుతున్నాను. రెండు తీగలున్నది తీసుకోండి: ఒకటి జాలీ మట్టంలో గాలి వేడి చూడటానికి, ఇంకోటి ముక్క లోపల గుచ్చడానికి. ఐసు నీళ్లలో ముంచితే 0, సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లో మరిగే నీళ్లలో 100 చూపించాలి. మూత మీది ముల్లును అలంకారం అనుకోండి.

చెక్క గురించి రకరకాల కబుర్లు వింటారు. ఆపిల్, చెర్రీ తేలిక, ఓక్ మధ్యస్థం, హికరీ ఘాటు, మెస్కీట్ మరీ ఘాటు. మొదట్లో ఆపిల్‌తోనో ఓక్‌తోనో కానివ్వండి. పైన్ లాంటి బంక కారే చెట్ల చెక్క, రంగేసిన చెక్క, మందు పట్టించిన పాత పలకలు, బూజు పట్టిన కట్టె అసలు వాడకూడదు. చెక్కను నీళ్లలో నానబెట్టమని ఇప్పటికీ చెబుతుంటారు. రాత్రంతా నానబెట్టిన ముక్కను కోసి చూడండి, తడి పైపైనే ఉంటుంది. ఆ తడి ఆరేదాకా వచ్చేది ఆవిరి, నిప్పు చల్లబడటం తప్ప ఒరిగేదేమీ లేదు. ఎండు ముక్కలే వేయండి.

కొన్నాక మొదటిరోజు మాంసం పెట్టకండి. ఖాళీ స్మోకర్‌ను రెండు మూడు గంటలు 130 డిగ్రీల దగ్గర నడపండి. ఫ్యాక్టరీ నూనెలు మండిపోతాయి, మీకు కన్నాల మీద చెయ్యి కుదురుతుంది. రెండో ఆదివారం కోడి. పళ్లెంలో నీళ్లు పోయకుండా 140, 150 డిగ్రీల దగ్గర పెడితే చర్మం సాగకుండా వస్తుంది, గంటన్నర చిల్లరలో అయిపోతుంది. తొడలోనూ రొమ్ములోనూ మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చి చూస్తే 74 ఉండాలి. మూడో వారం పంది భుజం ముక్క, అదే పోర్క్ షోల్డర్. మూడు కిలోల ముక్కకు పది గంటలు పైనే పడుతుంది కాబట్టి తెల్లారుజామున మొదలుపెట్టాలి. కొవ్వు ఎక్కువ కాబట్టి కాస్త అటూ ఇటూ అయినా పాడవదు. పోర్క్ తినని ఇంట్లో గొర్రె భుజం కూడా ఇంచుమించు ఇదే తీరు. బ్రిస్కెట్‌ను పదో వంట దాకా తలచుకోకండి.

ఆ భుజం ముక్క రోజున మీకు ఒక గండం ఉంది, ముందే చెప్పి ఉంచుతాను. లోపలి వేడి చకచకా 65 దాటి, ఆపైన ఎక్కడో ఆగిపోతుంది. గంట గడుస్తుంది, రెండు గంటలు గడుస్తాయి, అంకె కదలదు. ఒక్కోసారి ఒక డిగ్రీ తగ్గుతుంది కూడా. థర్మామీటర్ చెడిందనుకుంటారు, బొగ్గు పోస్తారు, కన్నాలన్నీ తెరుస్తారు. అవేమీ చేయకండి. మనకు చెమట పట్టి ఒళ్లు చల్లబడినట్టే ముక్క పైన తడి ఆవిరవుతూ వచ్చే వేడిని వచ్చినట్టే లాగేసుకుంటోంది, అంతే. తడి ఆరాక దానంతటదే కదులుతుంది. చుట్టాలు ఆకలితో ఎదురుచూస్తుంటే అల్యూమినియం ఫాయిల్‌లో గట్టిగా చుట్టేయండి, ఆవిరి ఆగి త్వరగా పైకెక్కుతుంది, పైన నల్లటి కరకర మాత్రం కొంచెం మెత్తబడుతుంది. 93 నుంచి 96 మధ్య గుచ్చిన పుల్ల వెన్నలో దిగినట్టు దిగితే అయిపోయినట్టే. దించాక అరగంటైనా ఊరుకోనివ్వండి.

చల్లటి పొగతో చేప, మాంసం చేసే పద్ధతి వైపు ఇప్పుడే పోవద్దు. 30 డిగ్రీల లోపు వేడిలో క్రిములు చావవు, ఉప్పు లెక్క తప్పితే ప్రమాదం.

స్మోకర్‌ను షెడ్డులో, గ్యారేజీలో, మూసిన వరండాలో ఎప్పుడూ వెలిగించొద్దు, వాన పడుతున్నా సరే. కుమిలే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలుపు తెరిచి ఉంచాం కదా అన్న ధీమా పనికిరాదు. గోడకు, కంచెకు, ఎండుటాకులకు మూడు మీటర్ల దూరం పెట్టండి. మీ సిమెంటు గచ్చు దీనికి చక్కగా సరిపోతుంది. బూడిద చల్లారినట్టే కనిపిస్తుంది కానీ అడుగున ఒక్క కణిక ఉంటే చాలు. రెండు రోజులు మూతున్న రేకు డబ్బాలో ఉంచి అప్పుడు పారేయండి. ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేసి బుట్టే కరిగిపోయిన ఇల్లు నాకు తెలుసు, ఎవరిదని అడక్కండి.

చివరగా మీ పక్కింటివాళ్ల సంగతి. నిప్పు సరిగ్గా కుదిరాక పొగ పెద్దగా ఉండదు, రోడ్డు మీదికి వాసన వస్తుందంతే. ఇబ్బంది పెట్టేది మొదటి అరగంట: చిమ్నీలో కాగితం, బ్రికెట్లు అంటుకునేటప్పుడు దట్టమైన పొగ లేస్తుంది. ఆ డబ్బాను మీ స్థలంలో వాళ్ల కిటికీలకు ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా పెట్టి వెలిగించండి, బొగ్గులు బూడిద పట్టాక స్మోకర్ దగ్గరికి మోసుకెళ్లండి. తోలు చేతి తొడుగులు వేసుకుని, పిల్లల్ని పక్కకు పంపించి. ఒక అగరువత్తి వెలిగించి గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. వాళ్లు బట్టలు ఆరేసే రోజు ఏదో కనుక్కుని ఆ రోజు మానేస్తే సరి. ఆ మొదటి అరగంట దాటినా తెల్లపొగ తగ్గకపోతే చెక్క ఎక్కువ వేశారని అర్థం, పటకారుతో ఒక ముక్క తీసి ఇసుక బకెట్లో పడేయండి.